తరంగంబాడి తీరంలో తీరిక నడక: పెద్ద వయసువారికి అనువైన దారి

తమిళనాడులోని తిరుక్కడయూర్ పేరు చాలా తెలుగు కుటుంబాలకు పరిచితమే. మృత్యువు బారి నుంచి మార్కండేయుణ్ణి పరమశివుడు కాపాడిన క్షేత్రంగా ప్రసిద్ధి పొందిన ఆ ఊరికి షష్టిపూర్తి, భీమరథ శాంతి, సహస్ర చంద్ర దర్శనం జరుపుకొనే దంపతులు ఏడాది పొడవునా వస్తుంటారు. అరవై, డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దలను వెంటబెట్టుకొని బిడ్డలు, మనుమలు తరలివస్తారు. కలశాభిషేకం, మాంగల్యధారణ, విందు ముగియగానే వాహనాలు తిరునల్లారు వైపో, వేలాంకణ్ణి వైపో, చిదంబరం వైపో సాగిపోతాయి. ఆ తొందరలో తప్పిపోయే ఊరు ఒకటి అక్కడికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దాని పేరు తరంగంబాడి. పెద్ద వయసువారు ఆయాసం లేకుండా, మెట్లు ఎక్కకుండా, ఎవరి చేయీ పట్టుకోకుండా సముద్రం దాకా నడిచి రాగల ఊళ్లు మన తూర్పు తీరంలో ఎక్కువ లేవు. ఇది వాటిలో ఒకటి.

మయిలాడుతురై జిల్లాలో, కారైకాల్‌కు ఉత్తరాన పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో ఈ ఊరు ఉంది. పరిపాలనపరంగా పట్టణ పంచాయతీయే అయినా, ఒకప్పటి ప్రాకారం లోపలి పాత ఊరి విస్తీర్ణం, అక్కడి వీధుల నెమ్మది చూస్తే పల్లె అనడమే సబబు. తరంగాలు పాడే చోటు అని పేరుకు అర్థం చెబుతారు. ఐరోపావారి నోట ఇదే ట్రాంకేబార్‌గా మారింది. 1620 నుంచి 1845 వరకు, అంటే 225 ఏళ్ల పాటు, డెన్మార్క్ వర్తకుల స్థావరంగా ఉన్నందువల్ల దీని రూపురేఖలు చుట్టుపక్కల ఊళ్లకు భిన్నంగా ఏర్పడ్డాయి. తిన్నని వీధులు, తెల్లని స్తంభాల వరండాలు, వీధి చివర కోట, కోట అవతల సముద్రం. ఇంత చిన్న ఊరిలో దారి తప్పడం కష్టం. వయసు పైబడినవారికి అదే ఒక పెద్ద సౌకర్యం.

ద్వారం నుంచి సముద్రం దాకా

నడక మొదలుపెట్టవలసిన చోటు ఊరి పడమటి కొసన ఉన్న నగరద్వారం. పాత ద్వారం స్థానంలో 1792లో దీనిని పునర్నిర్మించారు. డేనిష్ భాషలో దీని పేరు లాండ్‌పోర్టెన్, అంటే నేలవైపు ద్వారం. రెండో వైపు ప్రాకారం సముద్రమే కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. తెల్లని సున్నపు గోడ, పైన డెన్మార్క్ రాజచిహ్నం ఉన్న ఈ ద్వారం కింద నుంచి ఇప్పటికీ వాహనాలు వెళుతుంటాయి. కాబట్టి ఫోటో కోసం వీధి మధ్య నిలబడటం మంచిది కాదు. పక్కకు నిలిచి చూస్తే తూర్పున వీధి చివరిదాకా చూపు సాగుతుంది. ఇదే కింగ్ స్ట్రీట్, రాజు వీధి.

ద్వారం నుంచి సముద్రపు ఒడ్డుకు అర కిలోమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. నేల చదునుగా ఉంటుంది. తిన్నగా నడిచే యువకుడికి ఆరేడు నిమిషాల పని. పెద్దవారు మాత్రం ముప్పావు గంట కేటాయించుకోవాలి. వేగం తగ్గుతుందని కాదు, ప్రతి వంద అడుగులకు ఆగి చూడవలసింది ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి. ఆగడానికి ఒక నెపం దొరకడం పెద్ద వయసు నడకకు ఎంత అవసరమో మోకాళ్ల నొప్పి ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆయాసం వచ్చిందని ఒప్పుకోకుండానే ఊపిరి తీసుకోవచ్చు.

మొదట ఆకట్టుకొనేవి చర్చిలు. డేనిష్ నివాసుల కోసం 1701లో ప్రతిష్ఠించిన జియాన్ చర్చి, మిషనరీలు 1718లో నిర్మించిన న్యూ జెరూసలేం చర్చి రెండూ ఈ వీధిలోనే, ఒకదానికొకటి కొద్ది దూరంలో ఉన్నాయి. రెండో దాని ముఖభాగంపై నాటి డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ నామాక్షరాల ముద్ర, దానిపై కిరీటం కనిపిస్తాయి. లోపల బార్తొలొమియస్ జీగెన్‌బాల్గ్ సమాధి ఉంది. జర్మనీకి చెందిన ఇతడు, సహచరుడు హైన్రిఖ్ ప్లూట్షౌతో కలిసి 1706 జూలై 9న ఇక్కడ ఓడ దిగాడు. అప్పటికి వయసు దాదాపు ఇరవై నాలుగేళ్లు. ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దే పిల్లల పక్కన కూర్చుని తమిళం నేర్చుకొన్నాడని చెబుతారు. 1712లో ముద్రణయంత్రం, మరుసటి ఏడాది జర్మనీలోని హాల్లే నగరం నుంచి తమిళ అచ్చులు వచ్చాయి. తమిళ కొత్త నిబంధన ఇక్కడే అచ్చయింది. కాగితం కొరత తీర్చుకోవడానికి పక్క ఊరు పొరైయారులో కాగితపు మిల్లు పెట్టారు. 1719లో, ముప్పై ఏడేళ్లు నిండకుండానే, అతడు మరణించాడు. అడ్మిరల్ స్ట్రీట్‌లోని అతని ఇంటిని 2017లో ప్రదర్శనశాలగా తెరిచారు. ఓపిక ఉంటే తిరుగుదారిలో చూడవచ్చు.

తెలుగువారికి ఇక్కడ ఇంకో ఆసక్తి ఉంది. జీగెన్‌బాల్గ్ మరణించిన ఏడాదే తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జె, తర్వాత మద్రాసుకు తరలివెళ్లి తెలుగు నేర్చుకొన్నాడు. తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిలు అనువాదం చేపట్టాడు. స్వదేశం తిరిగి వెళ్లాక హాల్లే నగరంలో 1746-47 ప్రాంతంలో అతడు తెలుగు లిపిలో అచ్చు వేయించిన చిన్న మత గ్రంథాలే తెలుగులో తొలి ముద్రిత పుస్తకాలుగా గుర్తింపు పొందాయి. తెలుగు అచ్చుపుస్తకం కథ విజయవాడలోనో రాజమహేంద్రవరంలోనో కాక, ఈ చిన్న వీధి నుంచి బయలుదేరిందని అనుకోవడంలో తప్పులేదు.

మరొక పేరు వంటింటికి సంబంధించినది. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు 1768లో మిషన్ వైద్యుడిగా తరంగంబాడికి వచ్చి, దక్షిణ భారత వృక్షజాతులను సేకరించి వర్గీకరించే పనిలో పడ్డాడు. సామర్లకోటలో పనిచేసిన ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్‌కు ఇతడు మిత్రుడు, ఒక విధంగా గురువు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి మరణించినప్పుడు రాక్స్‌బర్గే పక్కన ఉండి వైద్యం చేశాడు. మన పోపులో వేసే కరివేపాకు శాస్త్రీయ నామంలోని ‘కోనిగీ’ అన్న మాట ఈ కోనిగ్ స్మారకంగా పెట్టినదే. మనుమలతో నడిచే తాతలకు, అమ్మమ్మలకు చెప్పడానికి ఇంతకన్నా సులభమైన చరిత్ర పాఠం దొరకదు.

తంజావూరు నాయకుని పత్రం

వీధి చివర చూపు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఎదురుగా విశాలమైన కవాతు మైదానం, దాని అంచున పునరుద్ధరించిన గవర్నరు భవనం, మరోవైపు పూర్వం కలెక్టరు నివాసంగా ఉండి నేడు హోటలుగా మారిన వరండాల మేడ, వీటన్నిటికీ అవతల ఇటుక రంగు డాన్స్‌బోర్గ్ కోట. కూర్చోవడానికి నీడ ఎక్కడ ఉందో ముందు చూసుకొని, ఇక్కడ కనీసం పది నిమిషాలు విశ్రాంతి తీసుకోవడం మంచిది.

ఈ కోటకు మూలపురుషుడు ఒక తెలుగు కవి. తంజావూరును పాలించిన రఘునాథ నాయకుడు తెలుగులో రామాయణం, వాల్మీకి చరిత్రము రచించినవాడు, వీణా విద్వాంసుడు. రామభద్రాంబ, మధురవాణి వంటి కవయిత్రులు ఆయన ఆస్థానంలో వెలిగారు. 1616లో ఏర్పడిన డేనిష్ ఈస్టిండియా కంపెనీ పంపిన నౌకాదళం, యువ సేనాధిపతి ఓవె గ్యెడ్డె నాయకత్వంలో 1618లో బయలుదేరి, సింహళంలో ఆశించిన ఒప్పందం కుదరక ఇటు వచ్చింది. వారికన్నా ముందే వచ్చిన రోలాండ్ క్రాపె ఓడ కారైకాల్ దగ్గర పోర్చుగీసు దాడిలో ధ్వంసమైంది. ప్రాణాలతో బయటపడిన క్రాపె నాయకుని కొలువు చేరి, సంప్రదింపులకు దారి వేశాడు. 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. మిరియాల వర్తకానికి, కోట కట్టుకోవడానికి డేన్లకు అనుమతి లభించింది. రఘునాథ నాయకుడు డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కు బంగారు రేకుపై తమిళంలో రాయించి పంపిన లేఖ నేటికీ కోపెన్‌హాగన్‌లోని రాజ్య పత్రాగారంలో భద్రంగా ఉంది.

కోట చరిత్రలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది యుద్ధమో సంధియో కాదు, ఎదురుచూపు. ఐరోపా యుద్ధాలతో చితికిపోయిన డెన్మార్క్ ఈ స్థావరాన్ని దాదాపు మరిచిపోయింది. 1639 తర్వాత దాదాపు ముప్పై ఏళ్ల పాటు స్వదేశం నుంచి ఒక్క ఓడ కూడా రాలేదు. ఉన్నవారిలో ఒక్కొక్కరే మరణించగా చివరికి ఎస్కిల్డ్ ఆండర్సన్ కాంగ్స్‌బాకె అనే సామాన్యుడు మిగిలాడు. స్థానికుల సాయంతో కోటను అతడే నిలబెట్టుకొన్నాడు. 1669లో ఓడ వచ్చేసరికి కోటపై డెన్మార్క్ జెండా ఎగురుతూనే ఉంది. చివరకు 1845లో బెంగాల్‌లోని శ్రీరాంపురంతో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు తరంగంబాడిని డేన్లు ఇంగ్లీషు కంపెనీకి అమ్మివేశారు. 1860ల్లో నాగపట్నానికి రైలు రావడంతో వర్తకం అటు మళ్లింది. ఊరు ఉన్నచోటనే ఆగిపోయింది. నేడు నడిచేవారికి దక్కుతున్న ప్రశాంతత ఆ రైలు చలవే.

కోట లోపల తమిళనాడు పురావస్తు శాఖ ప్రదర్శనశాల ఉంది. పింగాణీ పాత్రలు, గాజు సామగ్రి, ఆయుధాలు, పత్రాలు, శిల్పాలు అందులో చూడవచ్చు. కింది భాగం గిడ్డంగులు, చెరసాల గదులు. పై భాగంలో అధికారుల నివాసాలు. కిందిగదులు చీకటిగా ఉంటాయి. సముద్రపు వెలుతురు నుంచి లోపలికి అడుగుపెట్టగానే కళ్లు సర్దుకోవడానికి పెద్దవారికి ఎక్కువ సమయం పడుతుంది. శుక్లాలు ఉన్నవారికి మరీను. గడప దగ్గర అర నిమిషం ఆగి, ఆ తర్వాత కదలాలి. పైకి మెట్లున్నాయి. మోకాళ్లు సహకరించనివారు పైకి వెళ్లకపోతే కోల్పోయేది సముద్ర దృశ్యం ఒక్కటే, అది ఒడ్డున ఉచితంగా దొరుకుతుంది. ప్రదర్శనశాల సాధారణంగా ఉదయం పది గంటలకు తెరుచుకుంటుంది, శుక్రవారం సెలవు. వేళలు మారుతుంటాయి కాబట్టి బస చేసిన చోట ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఉదయపు నడకకు వచ్చినవారికి కోట తలుపు మూసి ఉండటమే మామూలు. కోట కోసం ఎండలో పది దాకా వేచి ఉండటం కన్నా, గదికి వెళ్లి అల్పాహారం ముగించుకొని వాహనంలో తిరిగి రావడం తెలివైన పని.

ఒడ్డున సముద్రానిదే పైచేయి

కోటకు ఉత్తరాన, అలలను ఆనుకొని మాసిలామణి నాథర్ ఆలయం ఉంది. 1306లో మారవర్మన్ కులశేఖర పాండ్యుని కాలంలో వెలసిన ఈ శివాలయంలో చాలా భాగాన్ని శతాబ్దాల కోత సముద్రంలో కలిపేసింది. మిగిలినదానిని పునరుద్ధరించి, ముందు పెద్ద బండరాళ్లతో అడ్డుకట్ట వేశారు. ఊరు సముద్రంతో ఎలాంటి ఒప్పందం మీద బతుకుతోందో ఈ ఒక్క చోట నిలబడితే తెలుస్తుంది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఉమ్మడి నాగపట్నం జిల్లాలో ఆరు వేలకు పైగా ప్రాణాలను బలిగొంది. ఇక్కడి మత్స్యకారవాడ తీవ్రంగా దెబ్బతిన్నది. తర్వాత ఒడ్డున ఉన్న అనేక కుటుంబాలకు లోపలి భూముల్లో ఇళ్లు కట్టించారు. పాత ఊరిలోని గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ వంటి వీధుల్లో శిథిలమైన తమిళ గృహాలను డేనిష్ దాతృసంస్థ సాయంతో ఇన్‌టాక్ పునరుద్ధరించింది. తిన్నెలు, కర్ర స్తంభాలు ఉన్న ఆ ఇళ్ల ముందు నుంచి నడిస్తే డేనిష్ ఊరు ఎక్కడ ఆగి తమిళ ఊరు ఎక్కడ మొదలయ్యిందో స్పష్టంగా కనిపిస్తుంది. తిరుగుదారికి రాజు వీధికి బదులు ఈ పక్క వీధులనే ఎంచుకోవడం మేలు.

ఒడ్డు దగ్గరకు వచ్చాక కొన్ని విషయాల్లో మొహమాటం పనికిరాదు. అడ్డుకట్ట రాళ్ల మీదికి ఎక్కకూడదు. పాచి పట్టిన రాయి పొడిగా కనిపిస్తూనే జారుతుంది. పెద్ద వయసులో తుంటి ఎముక విరగడమంటే నెలల తరబడి మంచం పట్టడమే, కొందరికి తిరిగి స్వతంత్రంగా నడవలేకపోవడం. నీటిలోకి చీలమండలు దాటి దిగకూడదు. అల వెనక్కి వెళ్లేటప్పుడు పాదాల కింది ఇసుకను లాక్కుపోతుంది, నిలదొక్కుకొనే శక్తి తగ్గిన శరీరం అక్కడే తూలుతుంది. పాదాలు తడుపుకోవాలన్న కోరిక ఉంటే పక్కన చేయి అందించే మనిషి ఉండాలి.

ఇసుకలో నడక చూడటానికి మెత్తన, చేయడానికి కష్టం. గట్టి నేలపై నడకతో పోలిస్తే మెత్తని ఇసుకలో నడవడానికి రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుందని ప్రయోగాల్లో తేలింది. వీధిలో అర కిలోమీటరు హాయిగా నడిచినవారు ఇసుకలో వంద గజాలకే ఒగర్చడం అందుకే. గుండె జబ్బు ఉన్నవారు మైదానం అంచుతో సరిపెట్టుకోవాలి. చేతికర్ర ఉన్నవారికి సన్నని మొన ఇసుకలో దిగబడి ఊతం ఇవ్వదని గుర్తుండాలి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఒట్టికాళ్లతో నడవనే కూడదు. వేడి ఇసుక కాల్చినా, గవ్వ కోసినా, చేపముల్లు గుచ్చుకొన్నా వారికి తెలియదు. గదికి వెళ్లి కాళ్లు కడుక్కొనేటప్పుడు రక్తం చూసి తెలుసుకొనేవారు ఉంటారు. గుడి దగ్గర చెప్పులు విడవవలసి వచ్చినా అది ఆలయం లోపలికే పరిమితం కావాలి. వేళ్లు కప్పి, వెనుక పట్టీ ఉండే పాదరక్షలే ఈ నడకకు తగినవి.

ఓజోన్ గాలి అనే మాట

ఈ తీరంలో ఓజోన్ పుష్కలమని, ఇక్కడి గాలి పీలిస్తే ఆరోగ్యం కుదుటపడుతుందని ప్రచారం ఉంది. పర్యాటక వ్యాసాల్లో తరచూ కనిపించే ఈ మాటను నమ్మి ఆస్తమా ఉన్న పెద్దలను ప్రత్యేకంగా తీసుకువచ్చేవారు ఉండవచ్చు. ఇది సరిదిద్దవలసిన పొరపాటు. మనల్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే ఓజోన్ పొర నేలకు ఎన్నో కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటోస్ఫియర్‌లో ఉంటుంది. నేల మట్టాన ఉండే ఓజోన్ కాలుష్యకారకం. అది ఊపిరితిత్తుల పొరలను రేపి దగ్గు, ఉబ్బసం పెంచుతుంది. మన దేశపు గాలి నాణ్యతా ప్రమాణాల్లోనే ఎనిమిది గంటల సగటుకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు అని ఓజోన్‌కు గరిష్ఠ పరిమితి విధించారు. ఓజోన్ నిజంగా ఎక్కువగా ఉంటే ఆ తీరానికి పెద్దలను తీసుకురాకూడదు.

సముద్రపు వాసన అని మనం ఇష్టపడేది ఓజోన్‌ది కాదు. సాగరంలోని సూక్ష్మజీవుల వల్ల వెలువడే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు ఆ వాసనకు ముఖ్య కారణం. తరంగంబాడిలో మనసు తేలికపడటానికి ఇంత రసాయన శాస్త్రం అక్కరలేదు. వాహనాల పొగ తక్కువ, హోరుగాలి, పొద్దుటి వెలుగు, నడిచిన కాళ్లు. ఆస్తమా ఉన్నవారు ఇక్కడికి వచ్చినా ఇన్‌హేలర్ జేబులో ఉండవలసిందే.

ఎంత నడవాలి, ఎలా నడవాలి

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ, 65 ఏళ్లు దాటినవారికి దానితోపాటు వారంలో మూడు రోజులైనా నిలకడను పెంచే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ద్వారం నుంచి మైదానం, గుడి, పక్క వీధుల మీదుగా తిరిగి ద్వారం దాకా చుట్టి వస్తే ఒకటిన్నర కిలోమీటరు అవుతుంది. ఆగుతూ నడిస్తే గంటకు పైగా పడుతుంది. ఇంటి దగ్గర రోజూ ఇరవై నిమిషాలైనా నడిచే అలవాటు ఉన్నవారికి ఇది భారం కాదు. ఆ అలవాటు లేనివారు ఒకవైపు మాత్రమే నడిచి, మైదానం దగ్గరకు వాహనాన్ని రప్పించుకోవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవారిని సైతం వీధి చివరిదాకా తీసుకువెళ్లవచ్చు. కోట లోపల, ఇసుకలో మాత్రం అది సాధ్యం కాదు.

వేగానికి కొలబద్ద సులభమైనది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవచ్చు. మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారికి నాడి లెక్క నమ్మదగినది కాదు, ఎందుకంటే ఆ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. వారికి ఈ మాటల పరీక్షే దిక్కు. ఛాతీలో బిగువు, చల్లని చెమట, కళ్లు తిరగడం, ఎడమ చేయి లేదా దవడ లాగడం వంటివి కనిపిస్తే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. కాసేపు చూద్దామన్న ఆలోచన వద్దు. అన్ని వసతులున్న ఆస్పత్రులు కారైకాల్, మయిలాడుతురైలలో ఉన్నాయి.

యాత్రలో వచ్చినవారికి ప్రత్యేకించి మరో ప్రమాదం ఉంది. దర్శనం అయ్యేదాకా ఏమీ ముట్టకూడదన్న నియమంతో ఖాళీ కడుపున మందులు వేసుకొని నడకకు దిగడం. ఇన్సులిన్, కొన్ని రకాల చక్కెర మాత్రలు వాడేవారిలో ఇది రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. జేబులో నాలుగు చాక్లెట్లో, చిన్న పొట్లంలో చక్కెరో ఉంచుకోవాలి. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారికి ఎండలో నీరసం త్వరగా వస్తుంది. వయసుతోపాటు దాహం తెలియడం తగ్గిపోతుంది కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య గుక్కెడు నీళ్లు తాగుతుండాలి. నీటిని తగ్గించుకోమని వైద్యులు చెప్పినవారు ఆ మాటకే కట్టుబడాలి. మైదానంలో కూర్చొని లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా, కాళ్లు రెండుసార్లు ఆడించి, నిలబడ్డాక పది అంకెలు లెక్కపెట్టుకొని అడుగు వేయాలి.

మరుగుదొడ్ల విషయం బిడియపడి ఎవరూ రాయరు గాని, పెద్దవారు బయటికి రావడానికి వెనుకాడేది దానికోసమే. వీధి పొడవునా సదుపాయం ఉంటుందన్న భరోసా పెట్టుకోరాదు. బస చేసిన చోటనే పని ముగించుకొని రావాలి. ఊరిలోని హోటల్లో కాఫీ తాగే నెపంతో అవసరం తీర్చుకోవడం ఆచరణలో పనికొచ్చే ఉపాయం.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి

జనవరి, ఫిబ్రవరి నెలలు శ్రేష్ఠం. సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో ఉంటుంది. ఆరుంపావుకు ద్వారం దగ్గర ఉంటే నీరెండలో నడిచి, ఎనిమిదికల్లా గదికి చేరవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానుల కాలం. ఈ తీరానికి ప్రధాన వర్షకాలం అదే. మన దగ్గర వానలు వెనుకబడ్డాయి కదా అని బయలుదేరితే ఇక్కడ ముంచెత్తుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తేమతో కూడిన ఉక్క పెద్దవారికి మంచిది కాదు. తప్పనిసరైతే తెల్లవారుజామున మాత్రమే నడవాలి. తూర్పు తీరం కావడంతో సాయంత్రం సూర్యుడు ఊరి వెనుక దిగుతాడు. అయిదింటికి కోట నీడ ఒడ్డు వైపు పరుచుకుంటుంది కాబట్టి సాయంకాలపు నడక కూడా బాగుంటుంది. అయితే చీకటి పడ్డాక ఒడ్డున ఉండకూడదు.

తిరుక్కడయూరులో వేడుక జరిగిన రోజునే నడక పెట్టుకోవద్దు. తెల్లవారకముందే లేవడం, గంటల తరబడి పీటల మీద కూర్చోవడం, తడిబట్టలు, హోమం పొగ, ఆపై విందు, వీటితో దంపతులు అలసిపోయి ఉంటారు. ఆ సాయంత్రం విశ్రాంతి, మరునాటి ఉదయం తరంగంబాడి అన్నది సరైన క్రమం. తిరుక్కడయూరు నుంచి ఆటోలు, బస్సులు దొరుకుతాయి.

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి చెన్నై మీదుగా దారి. చెన్నై నుంచి విల్లుపురం, చిదంబరం మీదుగా వచ్చే రైళ్లలో మయిలాడుతురైలో దిగాలి. అక్కడి నుంచి తరంగంబాడికి రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. ఒకప్పుడు ఈ దారిలో మీటర్‌గేజి రైలు నడిచేది. 1980ల్లో మూతపడింది. పుదుచ్చేరి నుంచి తీరం వెంబడి సుమారు 120 కిలోమీటర్లు, చిదంబరం నుంచి 50 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తిరునల్లారు శనీశ్వర దర్శనానికి కారైకాల్‌లో బస చేసినవారు అక్కడి నుంచే ఉదయం వచ్చి వెళ్లవచ్చు. బస్సు ప్రధాన రహదారి మీద ఆగుతుంది. డ్రైవరుకు కోట అని కాకుండా ద్వారం దగ్గర దింపమని చెప్పాలి, లేకపోతే ఆటోలు నేరుగా మైదానానికి తీసుకువెళ్లి నడవవలసిన వీధిని దాటించేస్తాయి.